వాహన పరీక్ష – మన సన్నద్ధత

మన దేశంలో కిరాయికి తిరిగే ప్రతి వాహనమూ నిర్ణీత కాలానికొకసారి రవాణాశాఖ అధికారి ఎదుట నిలబడి, తాను రోడ్డుమీద తిరగడానికి యోగ్యమైనదేనని రుజువు చేసుకోవలసి ఉంటుంది. చట్టం దీనిని యోగ్యతా పత్రం జారీ అంటుంది. డ్రైవర్లు 'ఫిట్‌నెస్' అంటారు. పాతతరం వారు ఇప్పటికీ 'బండిని బ్రేకుకు తీసుకుపోవడం' అనే అంటారు. మోటారు వాహనాల తనిఖీ అధికారికి మన జనం పెట్టుకున్న పేరు 'బ్రేకు ఇన్‌స్పెక్టరు'. ఆ పేరులో గొప్ప లోకజ్ఞానం ఉన్నది. బండి ఎంత వేగంగా పోతుందన్నది యజమాని చూసుకునే సంగతి. అవసరమైనచోట ఆగుతుందా లేదా అన్నది లోకం చూసుకోవలసిన సంగతి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవానికి ఈ ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చు. మన కళాశాల ప్రవేశ దరఖాస్తులలో 'తండ్రి వృత్తి' అనే గడి ఒకటి ఉంటుంది. ప్రతి జూన్‌లోనూ ఆ కాగితాలు నా చేతిమీదుగా పోతాయి. ఆటో డ్రైవరు, లారీ డ్రైవరు, మెకానిక్కు, టైర్లకు పంక్చర్లు వేసేవాడు, వెల్డింగు పనివాడు – ఆ గడిలో ఎక్కువగా కనిపించే మాటలు ఇవే. మన విద్యార్థులలో కొందరు ఉదయం తరగతిలో ఛందస్సు నేర్చుకొని, సాయంకాలం షెడ్డులో ఉస్తాదు పక్కన కూర్చొని స్పానరు పడతారు. ఫిట్‌నెస్ అన్న మాట ఇంట్లో వినిపించిన నాడు వారి ఇళ్ళలో ఎంత కలవరం కలుగుతుందో వారికి తెలుసు. కనుక ఇది మన పత్రికలో చర్చించదగిన విషయమే అని నా అభిప్రాయం.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1939 నాటి మోటారు వాహనాల చట్టం స్థానంలో వచ్చిన 1988 చట్టం, 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అందులోని 56వ సెక్షను ప్రకారం యోగ్యతా పత్రం లేని రవాణా వాహనాన్ని సక్రమంగా రిజిస్టరు అయినదిగా పరిగణించరు. ఈ మాటలోని తీవ్రతను చాలామంది గ్రహించరు. పత్రం గడువు తీరిన మరునాడు ఆ బండి చట్టం దృష్టిలో పేరూ ఊరూ లేని బండి. ఆనాడు ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే కాగితం అదే. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 62వ నియమం ఈ గడువులను నిర్ణయిస్తుంది. 2018 నవంబరులో చేసిన సవరణ ప్రకారం, కొత్త రవాణా వాహనానికి మొదటి రెండేళ్ళకు పత్రం ఇస్తారు. ఆపైన బండి వయస్సు ఎనిమిదేళ్ళు నిండేవరకు రెండేళ్ళకొకసారి, ఎనిమిదేళ్ళు దాటితే ఏటేటా పరీక్ష. సొంత వాహనాల సంగతి వేరు. వాటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళపాటు చెల్లుతుంది. తరువాత పరీక్షించి ఐదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. మా అధ్యాపకుల స్కూటర్లలో కొన్ని ఈ రెండవ ఆశ్రమంలో ప్రవేశించినవే, కాని వాటిమీద ఎవరి జీవనమూ ఆధారపడి లేదు గనుక వాటిని విడిచిపెడదాం.

పరీక్షలో చూసేవి రహస్యాలు కావు. ముందు దీపాల వెలుగు ఎటు పడుతున్నది, వెనుక దీపాలు, సూచికలు వెలుగుతున్నవా, ప్రతిఫలకాలు ఉన్నవా, అద్దాలు, హారను, సైలెన్సరు, వైపరు, వేగమాపకం, పొగ, బ్రేకులు, స్టీరింగు – ఇవన్నీ నియమావళిలోనే అచ్చువేసి ఉన్నాయి. స్టీరింగు చక్రం 30 డిగ్రీలకు మించి వృథాగా తిరగకూడదు. టైరు గాడి లోతు ఆటోకు 0.8 మిల్లీమీటర్లకు, బస్సులకూ లారీలకూ 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ప్రశ్నపత్రం ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా వెల్లడించిన పరీక్ష మన విశ్వవిద్యాలయాలలో ఒక్కటి కూడా లేదు. అయినా ఈ పరీక్షకు వచ్చేవారిలో అధికసంఖ్యాకులు ముందురోజు రాత్రి తయారయ్యేవారే.

ఆ తయారీ ఎట్టిదో షెడ్డుల వెంట తిరిగిన వారందరికీ తెలుసు. సాయంత్రం ఏడు గంటలకు బండి వచ్చి నిలుస్తుంది. "ఉస్తాద్, పొద్దున్నే బండి చూపించాలి, ఏదో ఒకటి చేసిపెట్టండి" అంటాడు డ్రైవరు. ఉస్తాదు నిట్టూర్చి చిన్నవాణ్ణి కేకవేస్తాడు. మరొక బండి టైర్లు విప్పి దీనికి తొడుగుతారు. పొరుగు షెడ్డులోని దీపం తెచ్చి బిగిస్తారు. వెలిసిన రంగుమీద ఒక పూత, తుప్పుమీద ఒక పట్టీ, నంబరు పలకకు కొత్త అక్షరాలు. మరునాడు పత్రం చేతికి రాగానే టైర్లు తిరిగి వాటి యజమాని దగ్గరికి, దీపం తిరిగి పొరుగు షెడ్డుకు. బండి మాత్రం నిన్నటి గుండు టైర్లతో, గుడ్డి దీపంతో జనాన్ని ఎక్కించుకొని పోతుంది. ఇది నాటకాలవాళ్ళు అద్దెకు కిరీటం తెచ్చుకోవడం వంటిది. నాటకంలో రాజు ఆ రాత్రి ఎవరినీ పాలించడు గనుక నష్టం లేదు. ఇక్కడ అద్దె కిరీటం దింపిన తరువాతనే అసలు రాజ్యం మొదలవుతున్నది.

ఈ మోసంలో మోసపోయేది అధికారి అనుకోవడం భ్రమ. ఆయన సాయంత్రం ఇంటికి పోతాడు. అరిగిన టైరుమీద వానలో జారేది డ్రైవరే, వెనుక సీటులో కూర్చున్న పసిపిల్లలే. ఇంకొక సంగతి ఉన్నది. ఒక్క రాత్రిలో చేసే ఈ వేషధారణకు అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. టైర్ల అద్దె, రాత్రిపని కూలి, ఏజెంటు రుసుము, ఒకవేళ బండి తప్పితే మళ్ళీ రుసుము – ఇవన్నీ కలిపితే బ్రేకులు నిజంగానే బాగు చేయించుకోవడానికి అయ్యే సొమ్ముకు చాలా దగ్గరికి వస్తుంది. అప్పుడు బ్రేకులైనా మిగిలేవి.

కనుక పరీక్షకు పోవడమంటే నిర్ణీత తేదీన కార్యాలయానికి పోవడం కాదు. కనీసం నెలరోజుల ముందు మొదలయ్యే పని. ఆ నెలలో మొదటి వారం బ్రేకులది కావాలి. బ్రేకు పెడలు మెత్తగా లోపలికి దిగిపోతున్నదంటే గొట్టాలలో గాలి చేరిందనో, చక్రం దగ్గరి సిలిండరు కారుతున్నదనో అర్థం. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన నూనె ఘాటు దారిలో వేడెక్కి మరిగితే, పెడలు ఎంత తొక్కినా చక్రం వినదు. ఈ నూనె మార్చడం పెద్ద ఖర్చు కాదు, కాని పైకి కనపడేది కాదు గనుక ఎవ్వరూ పట్టించుకోరు. ఇదివరకు అధికారి బండిని కొంతదూరం నడిపించి, గట్టిగా ఆపించి, కంటితో చూసి తీర్పు చెప్పేవాడు. ఇప్పుడు క్రమంగా వస్తున్న యాంత్రిక పరీక్షా కేంద్రాలలో చక్రాలను రోలర్లమీద నిలిపి, ఎడమ చక్రం ఎంత బలంతో ఆగుతున్నది, కుడి చక్రం ఎంత బలంతో ఆగుతున్నది అని విడివిడిగా కొలుస్తారు. రెండింటి మధ్య తేడా ఎక్కువైతే బండి ఆగేటప్పుడు ఒక పక్కకు లాగుతుంది. ఆ సంగతి రోజూ తోలేవాని చేతులకు ఏనాడో తెలిసి ఉంటుంది. స్టీరింగును కొద్దిగా అటువైపు పట్టి తోలడం అలవాటు చేసుకొని ఉంటాడు. అలవాటుతో కప్పిపెట్టిన లోపం యంత్రం ముందు దాగదు.

స్టీరింగు కీళ్ళు, ముందు ఇరుసు బుష్షులు రెండవ వారంలో చూపించుకోవచ్చు. పొగ విషయం చివరికి వదలకూడదు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిన డీజిలు బండి నల్లగా కక్కుతుంది. నాజిలు పాడైనా అంతే. పరీక్షకు ముందురోజు ఏదో ద్రవం పోసి పొగ తగ్గించవచ్చునని చెప్పేవారి మాటలు నమ్మేవారు ఉన్నారు. ఫిల్టరు దులిపితే, అవసరమైతే మార్పిస్తే సగం పని అవుతుంది, డీజిలూ ఆదా అవుతుంది. ఇక కాగితాలు: రిజిస్ట్రేషను, బీమా, పన్ను, పర్మిటు, కాలుష్య పత్రం. వీటి గడువు తేదీలు ఐదూ ఐదు రకాలుగా ఉంటాయి. ఇంటి గోడమీది క్యాలెండరులో పాలవాడి లెక్క రాసుకున్నట్టు వీటిని రాసుకుంటే చాలు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉండి ఆ మాత్రం చేసిపెట్టకపోతే ఆ చదువు దేనికి?

ఇంతవరకు బండివారి తప్పు చెప్పాను. కాని అంతటితో ఆగితే అది ఏకపక్షమైన తీర్పు అవుతుంది. డ్రైవరు ముందుగా ఎందుకు సిద్ధపడడు? బద్ధకం వల్లనే అని సుఖంగా కుర్చీలలో కూర్చున్నవారు అంటారు. నేను ఒప్పుకోను. కిరాయి ఆటో తోలేవానికి బండి కదిలినా కదలకపోయినా సాయంత్రానికి యజమానికి అద్దె కట్టవలసిందే. సొంత ఆటో అయితే ఫైనాన్సు వాయిదా. బండిని రెండు రోజులు షెడ్డులో పెడితే ఆ రెండు రోజులూ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నది ప్రశ్న. ఇక పరీక్ష రోజున స్లాటు ఉదయం పది గంటలకని కాగితంమీద ఉంటుంది. వరుస మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. ఆనాటి సంపాదన పోయినట్టే. చిన్న లోపంతో తిప్పి పంపితే మరొక రోజు. ఏ లోపమో రాతపూర్వకంగా తెలియజేయకుండా 'సరిగా లేదు, తీసుకుపో' అన్న ఒక్క మాటతో పంపితే మూడవ రోజు కూడా పోవచ్చు.

ఏజెంటు పుట్టేది ఈ ఖాళీలోనే. అతణ్ణి తిట్టడం తేలిక. అతడు అమ్ముతున్నది అక్రమం అని మనం అంటున్నాము గాని, నిజానికి బీదవానికి అతడు అమ్ముతున్నది ఒక దినం. 'నీ రోజు పోకుండా చూస్తాను' అన్నది అతని సరుకు. ఆ రోజును కార్యాలయమే పోకుండా చూడగలిగితే అతని దుకాణం దానంతట అదే కట్టివేయబడుతుంది. అందుకు పెద్ద శాస్త్రం అక్కరలేదు: చెప్పిన గంటకు పిలవడం, తప్పితే ఏ లోపమో కాగితంమీద రాసి ఇవ్వడం, మళ్ళీ వచ్చినప్పుడు ఆ లోపాన్ని మాత్రమే చూడడం.

ఆలస్య రుసుము సంగతి కూడా చెప్పుకోవాలి. 2016 డిసెంబరు నాటి కేంద్ర సవరణలో యోగ్యతా పత్రం గడువు దాటిన ప్రతి దినానికీ 50 రూపాయలు అదనపు రుసుమని చేర్చారు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన కొత్త రుసుముల పట్టికలోనూ అది నిలిచింది. కరోనా కాలంలో కేంద్రం వాహన పత్రాల గడువును పలుమార్లు పొడిగించి 2021 అక్టోబరు 31తో ఆపింది. కిరాయిలు లేక నెలల తరబడి మూలపడిన బండ్లకు ఆ తరువాత దినాల లెక్క పడింది. 300 దినాలు నిలిచిన ఆటోకు 15,000 రూపాయలు. 2022 మే నెలలో హైదరాబాదులో ఆటోలు, క్యాబులు, లారీలవారు ఒకరోజు బందు పాటించినప్పుడు వారి ప్రధానమైన కోరికలలో ఇది ఒకటి. నేను జరిమానాకు విరోధిని కాను. భయం లేనిచోట గడువుకు విలువ ఉండదు. కాని మూడు చక్రాల ఆటోకూ, పది చక్రాల లారీకీ దినానికి ఒకే వెల కట్టడంలో, దానికి పైహద్దు లేకపోవడంలో న్యాయం కనపడదు. పైగా దాని ఫలితం తలకిందులుగా ఉంటుంది. రుసుము పెరిగినకొద్దీ డ్రైవరు కార్యాలయానికి దూరమవుతాడు. పరీక్ష లేకుండానే సందులలో తోలుకుంటాడు. బండ్లను పరీక్షకు రప్పించడానికి పెట్టిన కంచె వాటిని బయటికి తోలే కంచె అయింది.

బ్రిటనులో 1960లో పాత కార్లకు ఏటేటా పరీక్ష పెట్టినప్పటి నుండి జరుగుతున్న ఏర్పాట్లలో నాకు నచ్చినది ఒకటున్నది. గడువుకు దాదాపు నెలరోజుల ముందు పరీక్షకు వచ్చినా పాత గడువు తేదీ నుండే కొత్త సంవత్సరం లెక్కిస్తారు. ముందు వచ్చినవాడు ఒక్క దినం కూడా నష్టపోడు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి శిక్షించడం గురించి అంత శ్రద్ధగా ఆలోచించే మనం, ముందు వచ్చినవాణ్ణి ఆదరించడం గురించి కూడా కొంత ఆలోచించవచ్చు. గల్ఫు దేశాలలో డ్రైవర్లుగా పనిచేసి వచ్చిన మన కరీంనగరు, కడప వారిని అడిగితే అక్కడి పరీక్ష గురించి కథలు కథలుగా చెబుతారు. సౌదీలో దానిని 'ఫహస్' అంటారు. అరబ్బీలో పరీక్ష అనే అర్థం. అక్కడ వరుసలో నిలబడి నోరెత్తని మనిషి ఇక్కడికి రాగానే ఏజెంటు కోసం వెదకడం చూస్తే, లోపం మనిషి స్వభావంలో లేదని తెలుస్తున్నది.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టేది బడి బస్సుల సంగతి. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ విద్యాసంస్థల బస్సుల యోగ్యతా పత్రాల గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మధ్యన నాలుగు వారాలు. సెలవులలోనే పరీక్ష పూర్తి కావాలన్న ఉద్దేశం నిస్సందేహంగా మంచిదే. జరిగేది వేరు. మే నెలంతా కార్యాలయాలు ఖాళీగా ఉండి, జూన్ మొదటి వారంలో పసుపుపచ్చ బస్సులు రోడ్డు పొడుగునా బారులు తీరుతాయి. ఒక్క దినంలో అన్నన్ని బస్సులను చూడవలసి వచ్చిన అధికారి ఏమి చూస్తాడు? అగ్నిమాపక సిలిండరు ఉన్నదా, ప్రథమచికిత్స పెట్టె ఉన్నదా అని తల ఊపుతాడు. పెట్టెలో దూది ఉన్నదా, అత్యవసర ద్వారం నిజంగా తెరుచుకుంటుందా అన్నది చూడడానికి తీరిక ఉండదు.

ఇందులో ఎవరూ గమనించని మరొక చిక్కు ఉన్నది. బస్సులోని లోపాలు తెలిసిన మనిషి డ్రైవరు ఒక్కడే. అనేక ప్రైవేటు బడులలో ఏప్రిల్ చివరి పనిదినంతో అతని జీతం ఆగిపోతుంది. వేసవిలో అతడు పెళ్ళి కార్లకో, ఇసుక లారీలకో పోతాడు. జూన్‌లో వచ్చేవాడు అతడే కావచ్చు, మరొకడు కావచ్చు. మూడవ గేరు జారుతుందనీ, వెనుక ఎడమ చక్రం బ్రేకు ఆలస్యంగా పడుతుందనీ అతని ఒంటికి తెలిసిన జ్ఞానమంతా అతనితోనే వెళ్ళిపోతుంది. బస్సు రెండు నెలలు ఎండలో నిలబడి, బ్యాటరీ చచ్చి, టైర్లు బీటలు వారి, కొత్త చేతికి వస్తుంది. కనుక బడి బస్సు పరీక్షకు ఏర్పాటు మొదలు కావలసింది మేలో కాదు, ఏప్రిల్ చివరి పనిదినం నాడు. ఆనాడు డ్రైవరుచేత లోపాలన్నీ ఒక పుస్తకంలో రాయించాలి. రాయలేనివాడైతే అతడు చెప్పగా ఒకరు రాసుకోవాలి. అతనికి వేసవి జీతమిచ్చి బండి బాగుచేయించే పని అతనికే ఒప్పగించాలి. యాజమాన్యాలు దీనిని దుబారా అంటాయి. గోడలకు రంగులు వేయించడానికి, ప్రవేశాల ప్రకటనలకు అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకొమ్మని వారికి నా మనవి.

ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం. యోగ్యతా పత్రం అంటే ప్రమాదం జరగదన్న తాయెత్తు కాదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించారు. ఆ ఒక్క బస్సులో వందకు పైగా జనం ఉన్నారు. పరీక్షా కేంద్రంలో బండి ఖాళీగా నిలబడుతుంది; ఘాటుమీద అది నిండి పొర్లుతుంది. ముగ్గురికి పర్మిటు ఉన్న ఆటోలో పదిమంది బడిపిల్లలను కుక్కిననాడు రోలర్లమీద కొలిచిన బ్రేకుల బలం ఏ లెక్కకు పనికివస్తుంది? ఈ మాట డ్రైవర్లకు చెప్పడం కన్నా, పిల్లలను ఆ ఆటోలో ఎక్కించి చేయి ఊపే మనబోటి తల్లిదండ్రులకు చెప్పడం న్యాయం.

మన కళాశాలలో జాతీయ సేవా పథకం విద్యార్థులు ప్రతి ఏడాదీ చెట్లు నాటుతున్నారు, రోడ్లు ఊడుస్తున్నారు. వచ్చే ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసిన వారమే మన మైదానంలో రెండు రోజులపాటు ముందస్తు పరీక్ష ఏర్పాటు చేయవచ్చునని నా ప్రతిపాదన. పట్టణంలోని షెడ్డుల నుండి ఇద్దరు ముగ్గురు ఉస్తాదులను గౌరవంగా పిలుద్దాం. వారి పనికి తగిన సొమ్ము చెల్లిద్దాం. ఆటోలవారు తమకు వీలైన గంటలో, ముఖ్యంగా కిరాయిలు తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ, బండి తెచ్చుకుంటారు. విద్యార్థులు నియమావళిలోని అంశాలను తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన కాగితం పట్టుకొని, ఉస్తాదు చెప్పింది చెప్పినట్టు నింపి, గడువు తేదీలతో సహా డ్రైవరు చేతికిస్తారు. అధికారుల సంతకం అక్కరలేదు, పత్రమూ అక్కరలేదు. మొదట మన కళాశాల బస్సునే ఆ వరుసలో నిలబెడదాం. దాని వెనుక ద్వారం గడియ ఎంతకూ ఊడిరాదని రోజూ ఆ బస్సులో వచ్చే అమ్మాయిలు నాకు చెప్పి ఆరు నెలలయింది; ఈ వ్యాసం అచ్చుకు పోయేలోగా ప్రిన్సిపాలుగారికి ఆ సంగతి రాతపూర్వకంగా ఇస్తున్నాను.